మా ఇంట్ల అదురు లేదు

బాపు రిటైరైన రోజు, నలభై మంది చుట్టాలు, దోస్తుల ముందు, మా నాయనమ్మను నేను బీరువా మీది నుంచి కింద పడేశాను.

కంగారు పడకండి. ఆవిడ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. పడింది ఆవిడ వీడియో ఉన్న పెట్టె. మంచిర్యాల బజారంతా తిరిగి, ఒక్కొక్క ముక్కా ఏరి, ఆ పెట్టెను బిగించి, బీరువా ఎక్కించిన మేధావిని మాత్రం నేనే.

మాది నస్పూర్‌లో బొగ్గు గని కార్మికుల క్వార్టర్లు. బాపు జీవితమంతా భూమి లోపలే షిఫ్టులు చేశాడు. రిటైర్మెంటుకు రెండు నెలలుందనగా మొదటిసారి నన్ను ఒక కోరిక కోరాడు. "మా పెండ్లి వీడియోల మా అవ్వ ఉంటది గదరా. ఆ దినం మా షిఫ్టోళ్ళకు జర సూపియ్యాలె."

మా వైపు అమ్మను అవ్వ అంటాం. బాపు వాళ్ళ అవ్వ, అంటే మా నాయనమ్మ, కదులుతూ, మాట్లాడుతూ కనిపించేది ఈ భూమ్మీద ఆ వీడియోలో ఒక్కచోటే, అదీ ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లూ ఆవిడ కెమెరా అతన్ని తిడుతూనే ఉంటుంది. అసలు క్యాసెట్టు ఎప్పుడో బూజు పట్టి పోయింది. మిగిలింది ఒకే ఒక్క సీడీ.

"సీడీలు గీడీలు ఎవలు సూస్తరు బాపు? నేను మీడియా సర్వర్ పెడ్త," అన్నాను.

మీడియా సర్వర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంట్లో ఓ మూల ఒక కంప్యూటర్ పెట్టె ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. సినిమాలు, పాటలు, పెళ్ళి వీడియోలు దాని పొట్టలో వేసుకుంటే టీవీలోనో ఫోన్లోనో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. రెడీమేడ్‌ది కొనే తాహతు లేదు కాబట్టి ముక్కలు ఏరుకుని కట్టుకోవాలి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. నాకు డిస్కు లేదు, డబ్బా లేదు, సర్వర్ పేరు మాత్రం నల్లబంగారం.

నెల రోజులు ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి వీడియో చూశాను. ప్రాసెసర్ల పేర్లు నిద్రలో కలవరించాను. మా అవ్వ విసిగిపోయి, "పిల్లను సూసినా గిన్ని దినాలు వట్టదురా," అంది.

చివరికి మంచిర్యాలలో యూసుఫ్ భాయ్ దుకాణానికి పోయాను. పాత కంప్యూటర్లు విప్పి ముక్కలు అమ్మడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. నా చేతిలో జాబితా చూసి పక్కన పెట్టేశాడు.

"పాత ఆఫీసు కంప్యూటర్‌ది బోర్డు, ప్రాసెసర్ తీస్కో. సినిమా నడవనీకి గది సాలు. పవర్ సప్లై మాత్రం పైసలు తక్కువని సస్తాది కొనకు. అది పోతే పక్కోళ్ళను గూడ ఎంబడి తీస్కపోతది."

అవన్నీ బుద్ధిమంతుడిలా తీసుకున్నాను. పేచీ డిస్కు దగ్గర వచ్చింది.

"చిన్నదైనా ఎస్‌ఎస్‌డీ తీస్కో," అన్నాడు. "దాంట్ల తిరిగే చక్రం ఉండది. కింద పడ్డా ఫికర్ లేదు."

"కింద ఎందుకు పడ్తది భాయ్? అదే పైసలకు పెద్ద హార్డ్ డిస్కులు రెండొస్తయి. ఒకటి పోతే ఇంకోటి ఉంటది."

"అట్లయితే డబ్బ కింద నాలుగు రబ్బరు వాషర్లన్న ఎయ్యి. తిరిగే డిస్కుకు అదురు వడదు. నీది నస్పూర్ కోటర్సే గదా, ఆడ బ్లాస్టింగ్ అయితది."

మా క్వార్టర్లకు కొంత దూరంలో ఓపెన్ కాస్ట్ గని ఉంది. బొగ్గు కోసం రోజూ మధ్యాహ్నం మందు పెట్టి నేలను పేలుస్తారని ప్రతీతి. నేను జాలిగా నవ్వాను.

"గది ఎప్పుడో బంద్ అయింది భాయ్. నేనైతే ఎన్నడు ఇన్లే."

యూసుఫ్ భాయ్ వాషర్ల డబ్బా నా ముందుకు జరిపాడు. "నాకు మంచిర్యాలలనే ఇనవడ్తది," అన్నాడు.

"మా ఇంట్ల అదురు లేదు భాయ్," అని తీర్పు చెప్పి, వాషర్లకు పెట్టాల్సిన పైసలతో మిర్చి బజ్జీలు తిన్నాను. నేను అబద్ధమాడలేదండీ. నిజంగానే ఎన్నడూ వినలేదు. ఎందుకు వినలేదో తెలియడానికి ఇంకా నెల పట్టింది.

ఇంట్లో పెట్టె బిగిస్తుంటే బాపు పక్కన కూచుని చూశాడు.

"రెండు డిస్కులు ఒక్క డబ్బలనేనారా?"

"అవు బాపు. రెండిట్ల ఒకటే వీడియో ఉంటది. ఒకటి కరాబైతే ఇంకోటి."

"మా గనికి గూడ రెండు దార్లుంటయి. ఒకటి కూలితే ఇంకోదాంట్లకెళ్ళి బయటపడ్తం. గాని ఆ రెండూ పక్కపక్కన తవ్వరురా."

"బాపు, గిది బొగ్గు గని గాదు, కంప్యూటర్," అన్నాను. చదువుకున్న కొడుకు మాట కదా, ఆయన తలూపి స్క్రూడ్రైవరు అందించాడు.

వీడియో సర్వర్లోకి ఎక్కించాక ఆ సీడీని నేనే అవ్వ చేతికిచ్చాను. ఆమె దానికి దారం కట్టి, కోతులు బెదరాలని పెరట్లో జామచెట్టుకు వేలాడదీసింది. మా దగ్గర పాత సీడీలన్నీ చివరికి చేసే ఉద్యోగం అదే.

రిటైర్మెంటుకు వారం ముందు నల్లబంగారాన్ని నేల మీద పెట్టి టీవీకి కలిపి చూశాం. నాయనమ్మ తెర మీదికి వచ్చి తిట్టింది. బాపు కళ్ళు తుడుచుకుని, ఫోన్ తీసి టీవీకి ఎదురుగా పట్టుకున్నాడు. నేను ఏదో అన్నాను. ఏమన్నానో కాసేపట్లో మీరే వింటారు.

ఆ రోజు రానే వచ్చింది. గని దగ్గర సన్మానం చేసి, మెడనిండా దండలతో, డప్పులతో బాపును ఇంటికి తీసుకొచ్చారు. బగార అన్నం, మటన్ కూర. ఇల్లంతా చాపలు పరిచారు. "గా డబ్బను తీయిరా, ఎవలన్న తొక్కుతరు, లేకుంటే కూర వోస్తరు," అంది అవ్వ. నేలకు దించితే నల్లబంగారం పరువేం కాను? బీరువా మీద పెట్టాను. ఆ బీరువాకు ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క మడిచి పెట్టి ఉంటుంది.

భోజనాలు సగంలో ఉండగా బీరువా పక్కన నిలబడ్డాను. ఒక చేతిలో రిమోటు, ఇంకో చేతిలో మంచినీళ్ళ గ్లాసు. గొంతు సవరించుకున్నాను.

"ఇప్పుడు మీరు సూడబోయేది..."

అప్పుడు ఒక వింత చూశాను. చాపల మీద కూచున్న నలభై మందీ మాటలు ఆపకుండానే, తల ఎత్తకుండానే, ఎడమ చెయ్యి చాచి ఎవరి గ్లాసు వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. అప్పుడే గమనించాను, రిమోటు జేబులో పడేసి నేను కూడా నా గ్లాసును రెండు చేతులా పట్టుకుని ఉన్నాను.

ఢామ్మని నేల ఊగింది. కిటికీలు గలగలమన్నాయి. నేను పుట్టిన ఈ ఇరవై ఆరేళ్ళుగా ప్రతి మధ్యాహ్నం అదే వేళకు జరుగుతున్నదే. నా చెయ్యి రోజూ విన్నది, నా చెవే ఎన్నడూ పట్టించుకోలేదు. బీరువా పొట్టికాలు మీద ఒకసారి వంగి లేచింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అన్నీ ఉన్న నల్లబంగారానికి కింద రబ్బరే లేదు. జర్రున జారి సిమెంటు నేల మీద పడింది.

ఎవరి గ్లాసులోనూ చుక్క నీళ్ళు ఒలకలేదు.

"బ్లాస్టింగే గదా, రోజు అయ్యేదే," అని బాపు దోస్తు మల్లేశం కాక మళ్ళీ మటన్ బొక్క కొరకడంలో పడ్డాడు.

పెట్టె ఎత్తి స్విచ్ వేశాను. రెండు డిస్కులూ ఒకదాని తర్వాత ఒకటి టిక్కు టిక్కుమని, కలిసి బతికినందుకు కలిసే ప్రాణం వదిలాయి. పెరట్లోకి పరిగెత్తాను. కోతులు బెదరలేదు సరికదా, సీడీని ముచ్చటగా చేతుల్లోకి తీసుకుని చూసినట్టున్నాయి. దాని నిండా గోళ్ళ గీతలు.

బాపు నన్ను తిట్టినా బాగుండేది. మెడలో దండలతో అట్లాగే కూచుని ఖాళీ టీవీని చూస్తున్నాడు. జీవితంలో ఒక్కసారి కోరిన మనిషికి ఉన్న ఇరవై సెకన్లూ నేనే లేకుండా చేశాను. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడను.

అప్పుడు ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "దగ్గరికి జరుగుండ్రి," అన్నాడు.

టీవీ వంకరగా, సగం మా గోడ క్యాలెండరుతో కలిసి కనిపించింది. అందులో నాయనమ్మ. "లైటు మొకం మీద కొడ్తున్నవేంది? జరుగు ఆడికి," అంటోంది. ఫోన్ వెనక, మా ఇంట్లోంచి మా అవ్వ గొంతు, "పప్పు మాడుతున్నట్టుంది, ఎవలన్న సూడుండ్రి." ఆ వెంటనే ఖంగుమంటూ నా గొంతు. "బాపు, టీవీని ఎవలన్న ఫోన్ల తీస్తరా? తెలిసినోళ్ళు సూస్తే నవ్వుతరు."

తెలిసినవాళ్ళు నలభై మందీ చూశారు. నలభై మందీ నవ్వారు, నా వైపు తిరిగి మరీ.

"మొన్ననే మా షిఫ్టోళ్ళ గ్రూపుల ఏసిన," అన్నాడు బాపు దండలు సర్దుకుంటూ. "అందరి ఫోన్లల్ల ఉంది మా అవ్వ. రెండో దారి నేను జర దూరంగ తవ్వుకున్న రా."

కాబట్టి పాఠకమహాశయులారా, కోతులు గీరిన ఆ సీడీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో రబ్బరు వాషర్లను తక్కువ చెయ్యను. రెండు డిస్కులను ఒక్క పెట్టెలో పెట్టి వాటిని రెండు దార్లని పిలవను. ఫోన్ పట్టుకున్న బాపుకు సలహా ఇవ్వను. అన్నిటికీ మించి, మా ఇంట్లో అదురు లేదని ఎవరితోనూ...

ఒక్క నిమిషం. నా ఎడమ చెయ్యి గ్లాసు పట్టుకుంది.