ముందు తనే వేలాడేది

"అక్కా, నేను పోయినంక నీ బిడ్డను గుడ్డ ఎక్కనియ్యకు."

"నువ్వే ఉండి ఆపరాదా, మేడమ్?"

మేడమ్ వెళ్లిపోయింది. నాచారంలో మూతబడ్డ ఫ్యాక్టరీ షెడ్డులో, పైనుంచి వేలాడే గుడ్డలతో గాలిలో విన్యాసాలు నేర్పేది ఆమె. పిల్లలకంటే ముందు ప్రతి గుడ్డకూ తనే వేలాడి, పైన కొక్కెం కిర్రుమంటుందేమో వినేది.

ఒకనాడు కిర్రుమంది. మార్చమంటే ఓనరు, "ఉప్పల్‌ల షో అయినంక సూద్దాం తియ్" అన్నాడు. ఆమె పని మానేసింది.

తండ్రి లేని నా పిల్లను షోకు పోకుండా నేనే ఆపాను. షోలో ఎవరూ పడలేదు. అందుకే బిడ్డ నాతో మాట్లాడటం లేదు. మేడమ్ ఆ మాటేదో పిల్లకే చెప్పి పోవచ్చు కదా! తను మంచి మేడమ్‌గానే మిగిలింది, పాపిష్టిదాన్ని నేనయ్యాను.

కోడలా, నేను చెప్తుంటే నువ్వు రాసింది జర సదువు. నా కోపం తగ్గించి రాసినవేమో ఇంటా.