తెంపి చూసిన తాడు

“పూజ చేసిన తాడురా అది. దాని మీద కొడవలి పెడతావా?”

“బారెడు ముక్క కోస్తే పోయేది ఆ ముక్కేలేమా. బాయిలో తెగితే అన్న పోతాడు.”

“మీ నాయన ఇట్లాంటి తాడు పట్టుకునే ఏటా దిగె, ఎక్కె. ఆయప్ప ఏనాడన్నా తెంపి చూసినాడా?”

“చూల్లేదు. ఏదో బతికిపోయినాడు.”

నా చిన్నప్పుడు పత్తికొండ పక్క మా ఊళ్లో, ఒక ఎండాకాలం పొద్దున మా అవ్వకూ ఆమె చిన్నకొడుకు మా చిన్నాయనకూ జరిగిన రగడ ఇది. బావిలో నీళ్లు అడుగంటాయి. మర్నాడు మా నాన్న దిగి పూడిక తీయాలి. అందుకని అవ్వ తన చేత్తోనే కిత్తనార తాడు పేనింది. నార వృథా పోకూడదని, పోయినేడు తెగిన తాడును విప్పి ఆ పాత పురులు కూడా ఇందులో కలిపింది. ఆ పొదుపు గురించి ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంది. తాడుకు పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కట్టింది. మా వైపు అంతటితో తాడు సిద్ధమైనట్టే.

చిన్నాయనకు అది చాల్లేదు. ఆయన విమానాల దళంలో మరమ్మతు పని చేసేవాడు. యుద్ధంలో బాంబు పడి ఎడమచేతి వేళ్లు రెండు పోగొట్టుకుని అప్పుడే ఇంటికొచ్చాడు. ఆ తర్వాత తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని ఇంజనీరింగు చదివాడు. రాకెట్లు చేసే చోట చేరి, వాటి భాగాలను నేల మీదే బరువుకూ వేడికీ పెట్టి, ఎక్కడ విరుగుతాయో చూడటమే ఉద్యోగంగా బతికాడు. ఇప్పుడు తొంభై దాటి కడపలో కూతురి దగ్గర ఉన్నాడు. నేటికీ కొత్త కుర్చీ వేస్తే చేత్తో గట్టిగా నొక్కి చూస్తే గాని కూర్చోడు. నేను చదివింది మూడో తరగతి. రాకెట్టు లోపల ఏముంటుందో నాకు తెలియదు. ఆయన చేసిన పని ఏమిటో మాత్రం బావి గట్టు మీదే తెలిసింది.

రగడ తెగకపోతే నాన్నే కల్పించుకున్నాడు. “కొయ్యనీలేమా, దిగేది నేను గదా.”

చిన్నాయన ముక్క కోసి బావి దూలానికి కట్టాడు. కింద కొసకు తట్ట కట్టి, అందులో ఒక్కొక్క నాపరాయే పేర్చసాగాడు. దిగే మనిషి బరువుకు రెట్టింపు మోయాలన్నాడు. “నేనింకా బతికే ఉండా కదప్పా, నా బదులు రాళ్లెందుకు?” అని నాన్న నవ్వాడు. మంచి తాడును ఇట్లా పాడు చేస్తాడెందుకని నాకు కడుపు మండిపోయింది. అదే అడిగాను.

“విమానం ఎక్కేటోడు ‘బాగుండాదా?’ అని నన్ను అడుగుతాండె పాపా. బాగుండాదని చెప్పాల. చూడకుండా ఎట్ల చెప్పేది?” అన్నాడు.

ఆ మాట అయ్యీ కాకముందే తాడు తెగి, తట్ట రాళ్లతో సహా దబ్బున పడింది. ఆ రాళ్లు ఇంకా మా నాన్న బరువంత కూడా లేవు. అవ్వ వచ్చి గట్టు మీద కూర్చుంది.

“చూసినావా?” అని చిన్నాయన అనలేదు. తెగిన కొసలు తీసుకుని తల్లి పక్కన కూర్చున్నాడు. “చూడుమా, పాత పురులు పుటుక్కున తెగినాయి. నీ కొత్త నార ఎంత సాగినాదో చూడు. శానా బాగా పేనినావు,” అన్నాడు. తన మాట నెగ్గిన మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

ఎవరినీ ఏదీ అడగని మా అవ్వ పక్కింటి బూబమ్మ దగ్గరికి వెళ్లి నార అడిగి తెచ్చింది. పొద్దుగూకే దాకా ఇద్దరూ కూర్చుని తాడంతా విప్పి, పాత పురులు ఏరేసి, మళ్లీ పేనారు.

నేను పిసినారినని మా ఇంట్లో అందరూ అంటారు. అననివ్వండి. సబ్బు ముక్క కూడా పారేయను. కానీ మనిషి బరువు మోసే దాంట్లో మాత్రం పాతది కలపను. ఉయ్యాల తాడైనా, నిచ్చెన మెట్టైనా, ముందు నేను లాగి చూశాకే పిల్లల్ని ఎక్కనిస్తాను. ఎవరి తప్పైనా బయటపడితే, అందులో బాగున్నది ఏదో ముందు వెతికి చెబుతాను. ఈ చివరిది నాకు కష్టంగానే అలవాటైంది.

తాడు మళ్లీ పేనిన మర్నాడు పొద్దున అవ్వ దానికి పసుపు పెట్టలేదు. కొస నుంచి తానే ఒక ముక్క కోసి చిన్నాయన చేతికిచ్చింది. “ముందు దీన్ని తెంపు. బొట్టు ఆ తర్వాత పెడతా,” అంది. గట్టు మీద రాళ్లు అయిపోయాయి గాని ఆ ముక్క తెగలేదు. నాన్న బావిలోకి దిగాడు. ఎండ ముదరకముందే నడుం దాకా బురదతో పైకొచ్చి, సంగటి పెట్టమన్నాడు.