రవ్వంత వెనకగా

నాకు శాక్సాఫోన్ నేర్పింది పెళ్లి బ్యాండు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా వీధి చివర బ్యాండు మేళం వాళ్ల షెడ్డులోనే పడి ఉండేవాణ్ణి. ఊరేగింపులో వాయించేవాడు పెళ్లికొడుకు కారుకి ముందు నడుస్తాడు. జనం ఎక్కడికక్కడ ఆగి చిందులేస్తుంటారు కాబట్టి పాటని ముందుకి లాగుతూనే ఉండాలి, లేకపోతే ముహూర్తం దాటిపోతుంది. ఆ తొందర నా ఊపిరికి పట్టేసింది.

దోహా వచ్చాక అదే నా కొంప ముంచింది. అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో శుక్రవారం పొద్దున కొందరు ఉద్యోగస్తులు చేరి స్వింగ్ జాజ్ వాయించేవారు. తాతల కాలంలో క్లబ్బుల్లో జంటలు డాన్సు చేసిన సంగీతం అది. ఇప్పుడెవరు వింటారని అడిగితే నవ్వేసి మళ్లీ మొదలుపెట్టేవారు. నేనూ వాళ్లతో చేరాను. వాళ్లలో శాక్సాఫోన్ వాయించే మాస్టారిది సికింద్రాబాద్. వాళ్ల నాన్న రైల్వే క్లబ్బులో ఇవే పాటలు వాయించేవారట. మాస్టారు ఊదితే స్వరంతోపాటు గాలి కూడా వినిపించేది, పక్కన కూర్చుని ఎవరో మెల్లగా మాట్లాడుతున్నట్టు. అలా వాయించాలని నాకెంత ఆశో చెప్పలేను. ఆ ఊళ్లో జీతం పెరగాలని కూడా అంతగా కోరుకోలేదు.

"ఏం తమ్మీ, బరాత్‌ల ఉన్నవా? ఎటు ఉరుకుతున్నవ్?" అనేవారు. "తాళం దెబ్బ పడనియ్యి. జర్రంత ఎనక రా."

"ఆగుతూనే ఉన్నాను మాస్టారూ."

"ఆగుతలేవు. భయపడుతున్నవ్."

నిజమే. వెనకబడితే అందరూ నన్నొదిలి వెళ్లిపోతారనిపించేది.

వెళ్లిపోయింది ఆయనే. ఉద్యోగం అయిపోయింది, దాంతో వీసా కూడా. తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టమని బ్యాండు వాళ్లకి చెప్పారు. నాకు మాత్రం బాగుందన్న ఒక్క మాట ఆయన నోట వినాలని ఉండేది. ఆఖరి శుక్రవారం నా పాట మొత్తం విని, శాక్సాఫోన్ తుడిచి పెట్టెలో పెట్టుకుంటూ "వస్తది తియ్యి" అన్నారు. అంతే.

ఇప్పుడు వెస్ట్ బే హోటల్లో మా బ్యాండు వాయిస్తే ఆయన కుర్చీలో నేనుంటాను. వచ్చినవాళ్లు చప్పట్లు కొడతారు. నాకు ఆయన గుర్తొస్తారు.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో మా ఇంటి గోడకి అటుపక్క ఇంకో కుటుంబం ఉంటుంది, అందుకని నా సాధన కారు వెనక సీట్లో. మొన్న అక్కడుండగా మాస్టారు ఫోన్ చేశారు.

"వాయించు. నేను కాలుతోని దెబ్బ కొడత."

సికింద్రాబాద్ గచ్చు మీద ఆయన చెప్పు చప్పుడు ఫోన్లో వినపడింది. ఆ చప్పుడు పట్టుకుని చివరిదాకా వాయించాను. చెప్పు చప్పుడు ఆగింది.

"గిప్పుడు కూసున్నది తమ్మీ. మంచిగ ఎనక పడ్డవ్."

నేనెప్పటిలాగే తొందరపడ్డానని నాకు తెలుసు. ఆయన దెబ్బ నా దాకా రావడానికి ఒక రవ్వ, నా స్వరం ఆయన దాకా పోవడానికి ఇంకో రవ్వ ఆలస్యం. ఆ వెనకబాటు నాది కాదు, మా మధ్యనున్న దూరానిది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

"ఇంకోసారి వాయించనా మాస్టారూ?" అన్నాను.