స్టెల్లా టీచర్ అరువు ఊపిరి

2023 జూన్. సైనిక్‌పురిలో మా మేడ మీది రేకుల షెడ్డు, పొద్దున్న ఆరు గంటల బ్యాచ్. నేను యోగా నేర్పుతాను, దానితోపాటు మంత్రపఠనం. కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, కొన్నాళ్ళు మందుల కంపెనీ తరఫున డాక్టర్ల గుమ్మాల ముందు కూర్చుని, చివరికి ఇందులోకి వచ్చాను. అప్పుడు డాక్టర్లు నా మాట వినేవారు కాదు, ఇప్పుడు శిష్యులు వినరు. ఆ లెక్కన పాత అనుభవం వృథా పోలేదు.

కొత్తగా చేరేవాళ్ళ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆసనాలు తమకు రావని వాళ్ళకి ముందే తెలుసు, కాబట్టి అక్కడ వినయంగానే ఉంటారు. నోరు మాత్రం తమకి బాగానే వచ్చని నమ్మకంతో వస్తారు. మంత్రపఠనంలో ఉండేవి మూడే స్థాయిలు: మధ్యలో ఒకటి, దానికి కాస్త కింద ఒకటి, కాస్త పైన ఒకటి. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అంటాం. రాగం లేదు, గమకం లేదు. ఇంత తక్కువ సరుకుతో ఇన్ని తప్పులు చెయ్యవచ్చని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది.

స్టెల్లా టీచర్ ఆ జూన్‌లోనే వచ్చారు. రిటైరైన లెక్కల టీచరు. గుంటూరు వైపువాళ్ళు, తండ్రి రైల్వే ఉద్యోగంతో సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. నేత చీర, కాళ్ళకి కాన్వాస్ బూట్లు. బూట్లు విప్పకముందే షరతులు విప్పారు.

"మాస్టారూ, ముందే చెప్తున్నాను. ఊపిరితిత్తుల డాక్టరు ప్రాణాయామం చెయ్యమన్నాడు, అందుకొచ్చాను. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. దేవుళ్ళ పేర్లుంటే అనను. ఓం కూడా అనను. ఏమీ అనుకోకండి."

"మరి ఏమంటారండీ?"

"అందరూ బాగుండాలి, గాలీ నీళ్ళూ బాగుండాలి, అలాంటివైతే సరే. ముందు అర్థం చెప్పండి. నచ్చితే అంటాను."

మంత్రాన్ని ఒకరి ఆమోదం కోసం సమర్పించడం నాకదే మొదటిసారి. చెప్పేవాడూ నేర్చుకునేవాడూ కలిసి చదువుకోవాలి, ఒకరినొకరు ద్వేషించుకోకూడదు అని ఒక శాంతి మంత్రం ఉంది. అర్థం వివరించాను. "ఇది బాగుంది" అని పాస్ చేశారు. మా ఇద్దరికీ ఆ ప్రార్థన ఎంత అవసరమో అప్పటికింకా తెలియదు.

చర్చిలో పాటలు పాడే క్వైర్ బృందంలో ఆవిడది ఆల్టో. అంటే అసలు వరస పాడేవాళ్ళకి కొంచెం కింద, వేరే వరసలో జతగా నడిచే గొంతు. జీవితమంతా అలా జతగా నడిచిన మనిషి, సైనిక్‌పురిలో రేకుల కింద మాత్రం ఒంటి వరసలో ఎందుకు నడుస్తారు? వారం తిరగకుండా మా శాంతి మంత్రం వింటుంటే వెనక ఎక్కడో ఆర్గాన్ మొదలవుతుందేమో అనిపించేది. పైగా ఆవిడది స్థిరమైన శ్రుతి కావడంతో క్లాసంతా నన్ను వదిలేసి ఆవిడ వెంట వెళ్ళిపోయింది. అందరికంటే ముందు వెళ్ళినవాడు యాదగిరి. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల హోల్‌సేల్ వ్యాపారి. ఆయన మామూలుగా మాట్లాడినా పక్క వీధిలో లారీ ఆగుతుంది.

"ఇప్పుడు మంచిగుంది సార్," అన్నాడు యాదగిరి. "మీరు చెప్పేది జెర సప్పగ ఉండె."

"యాదగిరి గారూ, ఇది పాట కాదండీ."

"మీరు చదివితే కాదు సార్. మేడమ్ చదివితే అయితది."

జూలై అంతా దీనికే పోయింది. జతలు పెట్టకండి టీచర్‌గారూ అంటాను. "నేనేం పెట్టట్లేదండీ, అదే వస్తోంది" అంటారు. వచ్చినదాన్ని రానివ్వకండి అంటాను. బడిపిల్లాడు టీచరు లెక్కనే దిద్దబోతే ఎలా చూస్తారో అలా చూస్తారు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడని మెచ్చుకునేవాణ్ణి. మంత్రంలో ఒక పాదాన్ని ఒకే ఊపిరిలో చదవాలన్నది మా పద్ధతి. మిగతావాళ్ళు చాలామంది మధ్యలో గుటకలు వేసేవారు. స్టెల్లా టీచర్ గొంతు ఎక్కడా తెగేది కాదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద పడుకుని వచ్చిన మనిషి! "చూసి నేర్చుకోండి" అని క్లాసుకి ఆవిడని చూపించేవాణ్ణి. ఆవిడ వినయంగా తల దించుకునేవారు. ఆ వినయాన్ని అప్పుడే అనుమానించాల్సింది.

ఆగస్టులో అసలు సంగతి చెప్పారు. నవంబర్‌లో వాళ్ళ చర్చిలో కోత పండుగ. పంటలూ కూరగాయలూ పళ్ళూ సంఘస్థులు బలిపీఠం ముందుకు తీసుకెళుతుంటే, పాట మొదటి చరణం ఒక్కరే పాడాలి, వాద్యాలు లేకుండా. ఆ చరణం ఎన్నో ఏళ్ళుగా ఆవిడది. జబ్బు చేశాక పాడలేదు. ఈసారి పాడతానని మాటిచ్చారు.

"పాడలేకపోతే క్వైర్ మానేస్తాను మాస్టారూ. ఎవరో వచ్చి, ఆంటీ మీరు రెస్ట్ తీసుకోండి అనేదాకా ఉండను."

"మీకేం, మీ ఊపిరి ఈ క్లాసుకే ఆదర్శం," అన్నాను.

సెప్టెంబర్‌లో ఒక రోజు తెల్లవారుజాము నుంచి కుండపోత. రేకుల మీద చప్పుడు. క్లాసుకి వచ్చింది ఆవిడొక్కరే. సరే మొదలుపెట్టండి అన్నాను. మొదటి పాదం సగానికి వచ్చేసరికి కరెంటు పోయినట్టు గొంతు పోయింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అక్కడే.

"మర్చిపోయారా?"

"లేదు."

"మరి?"

"ఆ ముక్క నేనెప్పుడూ అననండీ."

"ఎప్పుడూ అంటే?"

"చేరినప్పట్నుంచీ."

క్వైర్‌లో స్టాగర్డ్ బ్రీతింగ్ అని ఒక పద్ధతి ఉందట. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోకుండా వంతులు వేసుకుంటారు. ఒకరు ఆగినచోట పక్కవాళ్ళు పాడతారు, వాళ్ళు ఆగినచోట వీళ్ళు. వినేవాళ్ళకి పాట ఎక్కడా తెగదు. మంచి పద్ధతే. ఆ మరుగులో ఈవిడ ఊపిరి సగమైపోయిన సంగతి చర్చిలోనూ ఎవరికీ తెలియలేదు.

"ఇక్కడ మీ పక్కన కూర్చునేది యాదగిరి గారు కదండీ?"

"అవును. ఆయన అసలు ఆగరు. చాలా ఉపయోగపడ్డారు."

అంటే నేను వేసవి దాటినప్పట్నుంచీ క్లాసుకి ఆదర్శంగా చూపిస్తున్నది యాదగిరి ఊపిరి.

మర్నాటి నుంచి ఆవిడకి విడిగా పాఠం. మ్యాట్ మీద పడుకోబెట్టి, ఊపిరి పూర్తిగా వదలండి అన్నాను. సగం వదిలి ఠక్కున ఆపి, పైపైన ఒక గుక్క పీల్చుకునేవారు. మళ్ళీ సగం, మళ్ళీ గుక్క. స్టేషన్ దగ్గర సిటీ బస్సు ఉదాహరణ చెప్పాను. దిగేవాళ్ళు దిగితేగానీ ఎక్కేవాళ్ళకి చోటుండదు.

"లెక్కల టీచర్నండీ. ఆ మాత్రం తీసివేతలు నాకూ వచ్చు."

"అయితే తీసెయ్యండి మరి!"

తీసెయ్యరు. రెండు వారాలు ఇదే వరస. చివరికి ఒక రోజు నా గొంతు పెరిగింది. శాంతి మంత్రం చదివిన గొంతే అది. "అసలు వదలడానికి మీకేమిటి కష్టం?" అన్నాను.

ఆవిడ పైకప్పు వంక చూస్తూ చెప్పారు. "ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఒకావిడ ఉండేది మాస్టారూ. మధ్యాహ్నం నాతో మాట్లాడుతూనే ఊపిరి వదిలింది. మళ్ళీ తీసుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఇప్పుడు తీసుకుంటుంది, ఇప్పుడు తీసుకుంటుంది అని."

ఆవిడని లేపి కూర్చోబెట్టి, ఆ పూటకి పాఠం ఆపేశాను.

ఆ తరవాత 'వదలండి' అన్న మాట మానేశాను. భ్రామరి మొదలుపెట్టాను. పెదవులు మూసి తుమ్మెదలా ఝుమ్మని శబ్దం చేసే ప్రాణాయామం అది. నేను ఒక స్థాయిలో మొదలుపెడితే ఆవిడ అలవాటు కొద్దీ కింద జత కలిపారు. జూలై అంతా నేను వద్దన్న జతే. ఈసారి వద్దనలేదు. జత సరిగ్గా కుదిరిందా లేదా అని వినడంలో పడి, కాపలా మర్చిపోయి, ఊపిరి చివరిదాకా పోనిచ్చారు. పోయినది తిరిగొచ్చింది కూడా. కళ్ళు తెరిచి నావైపు చూశారు. నేను వాచీ చూసుకున్నాను.

అక్టోబర్‌కి ఊపిరి పెరిగింది. కానీ చరణంలోని పొడుగు పాదానికి చాలేంత కాదు. మధ్యలో ఆగి, నింపాదిగా ఊపిరి తీసుకుని పాడమన్నాను. ఆవిడ లేచి కూర్చున్నారు.

"పాట మధ్యలో ఊపిరి వినబడటమా? దీనికే నేను నేర్పే క్వైర్ పిల్లల్ని శిక్షగా నిలబెట్టేదాన్ని!"

"మీరూ నిలబడే పాడతారు కదా. అక్కడ మీకు యాదగిరి గారు ఉండరు."

మ్యాట్ చుట్టుకుని వెళ్ళిపోయారు. వారం రాలేదు. "మేడమ్‌ను ఏమన్నరు సార్?" అని యాదగిరి నిలదీశాడు. "ఆమె లేకుంటె చదవనీకె నాకు సుత మజా వస్తలేదు." ఎనిమిదో రోజు ఆవిడే వచ్చి మ్యాట్ పరుచుకున్నారు. వారం ఎందుకు రాలేదని అడగలేదు. అడిగితే మళ్ళీ చుట్టేస్తారు.

కోత పండుగ ఆదివారం ఉదయం నేనూ యాదగిరీ చర్చికి వెళ్ళాం. యాదగిరి మార్కెట్ నుంచి ఒక బస్తా గుమ్మడికాయలు కానుకగా తెచ్చాడు. చివరి బెంచీలో నా పక్కన కూర్చుని, ముందుకెళుతున్న కూరగాయలకి గుసగుసగా, అంటే మూడు బెంచీల దాకా వినబడేలా, తీర్పులిస్తున్నాడు. "గా సొరకాయ ముదిరింది సార్."

స్టెల్లా టీచర్ మైకు ముందుకొచ్చారు. మొదటి పాదం బాగానే సాగింది. పొడుగు పాదం మధ్యలో గొంతు ఆగింది. యాదగిరి కూడా నోరు మూశాడు. క్వైర్ ముందు వరసలో ఒక అమ్మాయి, ఆగినచోటు అందుకోవడానికి నోరు తెరిచింది. ఎవరో ఒకరు అందుకుంటారని తెలిసిన టీచర్ వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి పైకెత్తి, ఆగమన్నట్టు చూపించారు. భుజాలు నెమ్మదిగా దిగాయి. మిగిలిన ఊపిరి చివరిదాకా వదిలి, మళ్ళీ నిండా తీసుకున్నారు. ఆ శబ్దం మైకులోంచి చర్చి అంతా వినబడింది. చెయ్యి దించి పాదం పూర్తిచేశారు.

ఆరాధన అయ్యాక బయట కానుకల వేలం మొదలైంది. యాదగిరి తన గుమ్మడికాయలు తనే పాడుకుంటున్నాడు. టీచర్ నా దగ్గరికి వచ్చారు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"ఊపిరి బాగా వినబడిందండీ."

"వినబడనివ్వండి. పాడింది నేనేనని తెలియాలిగా."

అప్పటినుంచీ నా దగ్గర చేరిన ప్రతివాళ్ళచేతా మొదటి వారంలోనే మంత్రం ఒంటరిగా చదివిస్తున్నాను. ఊపిరి అయిపోయినచోట దాచకుండా ఆగమంటాను. చాలామందికి నామోషీగా ఉంటుంది, కొందరు మానేస్తారు. బ్యాచ్ చిన్నదైంది. కానీ మిగిలినవాళ్ళలో ఎవరి ఊపిరి ఎవరిదో నాకు తెలుసు.