చనిపోయినవాడు భోజనానికి వచ్చిన పేజీ

మా పెదనాన్నకు పుస్తకాలు కుట్టి కుట్టి జుట్టు నెరిసింది కానీ, ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. అదేమంటే, "మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?" అనేవాడు.

గ్రంథాలయం వెనక గదిలో ఆయన బైండింగ్ పని. పక్క గదిలో శనివారం సాయంత్రాలు మేం ఐదారుగురం చేరి నవలలు చదువుకుంటాం. ఈమధ్య ఎవరో సైన్స్ ఫిక్షన్ చదువుదామన్నారు. మాలో ఎవరికీ దాని ఓనమాలు తెలియవు. దొరికింది ఒకే నవల, అదీ పెదనాన్న కొత్తగా కుట్టినది. బ్యాంకాయన పైకి చదువుతుంటే మేం వింటూ సగానికి వచ్చాం.

కథలో గడియారాలు బాగుచేసే ఒకావిడ ఉంది. భర్త చనిపోయాక, గడిచిన కాలాన్ని వెనక్కి తెచ్చే యంత్రం మొదలుపెడుతుంది. అదింకా పూర్తే కాలేదు, ఒక పేజీ చివర "ఆమె తలుపు తీసి" అని ఉంది. పేజీ తిప్పితే, "ఉప్పు తక్కువైంది, అన్నాడు భర్త కంచం జరుపుతూ." అంతకుముందు కూడా ఒకచోట వాక్యం తెగింది కానీ, ఆ నేరం బ్యాంకాయన దగ్గు మీదికి తోసేశాం.

"కాలం విరిగిందండీ, అందుకే వాక్యమూ విరిగింది" అన్నారు బ్యాంకాయన.

"నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గొప్ప పుస్తకమే అయ్యుంటుంది" అంది టైలరక్క.

మందుల షాపావిడ మాత్రం ఆ పేజీ వదల్లేదు. ఆవిడ భర్త పోయి ఏడాది కాలేదు. "చెప్పాపెట్టకుండా వచ్చి ఉప్పు తక్కువైందంటున్నాడు చూడండి. వస్తే అలాగే వస్తారు" అంది.

గోడ అవతల సుత్తి చప్పుడు ఆగింది. పెదనాన్న గుమ్మంలోకి వచ్చి, "ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వండి" అన్నాడు.

తప్పు కుట్టులోనే ఉందేమోనని నాకప్పుడు తట్టింది. ఆయన చూపు మందగించిందని పెద్దమ్మ ఎప్పటినుంచో పోరు పెడుతోంది. ఇంకొక్క పుస్తకం తప్పు కుడితే ఆ గదికి తాళం వేయించి తీరుతానంది. ఆయనేమో, "నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి" అని దబాయిస్తాడు. పని లేని రోజున ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా ఆయనకు తెలియదు.

పేజీల నంబర్లు చూద్దామంటే, చివికిన అంచులతో పాటు అవీ కోతలో పోయాయి. గత్యంతరం లేక పెదనాన్న జన్మలో మొదటిసారి నవల పట్టాడు. భూతద్దంతో వారమంతా చదివి, నన్ను సతాయించాడు.

"ఈవిడ ఇందాక ముసలిది, ఇప్పుడు పడుచు. ఇది నేను చేశానా, రాసినవాళ్ళు చేశారా?"

"ఏమో పెదనాన్నా, నాకూ తెలీదు."

"మరి వారాల తరబడి ఏం మాట్లాడుకుంటున్నారే మీరు?"

నిజం చెప్పొద్దూ, నాకూ తల తిరిగిపోయింది.

శనివారం ఆయన మా మధ్యకు వచ్చి కూర్చున్నాడు. "పదహారు పేజీల మడత ఒకటి చోటు మారింది. 'తలుపు తీసి' తర్వాత 'వాన చూసింది' రావాలి. ఆ భోజనం ఆయన పోకముందు సంగతి. తప్పు నాదే."

బ్యాంకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అంటే ఆయన రాలేదా?" అంది మందుల షాపావిడ.

పెదనాన్న బిక్కమొహం వేశాడు. "వస్తాడమ్మా, చివర్లో. అక్కడ వాక్యాలన్నీ అతికే ఉన్నాయి, రెండుసార్లు చూశాను. ఎలా వచ్చాడో మాత్రం నన్నడక్కండి."

తన గదిలోకి వెళ్ళి కుట్లు విప్పాడు. మడతను దాని చోట పెట్టి సూది తీశాడు. దారం పక్కకు పోయింది. తడిచేసి మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ పోయింది. సాయం చేస్తానని వెళ్తే కసురుతాడని నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆయనే సూది నావైపు చాపాడు. "ఇది కాస్త ఎక్కించిపెట్టవే. మీ పెద్దమ్మకి నేనే చెప్తాలే."