‘చూడండి’ అనకూడదు

మా ఉదయపు నడక సంఘం అధ్యక్షురాలు ఈ ఫిబ్రవరిలో ఒక మంగళవారం, కెనడాలో మేముండే కిచెనర్‌లోని ఆసుపత్రిలో గుండెపోటుతో కన్నుమూశారని కార్యదర్శి హోదాలో తెలియజేయడానికి విచారిస్తున్నాను. ఆమె పదవీకాలం ఇంకా పద్నాలుగు నెలలు మిగిలి ఉంది. పని సగంలో వదిలి వెళ్లడం ఆమె స్వభావం కాదు గనుక సంఘం ఈ వార్తను చాలాసేపు నమ్మలేదు.

సంఘమంటే నలుగురం. అధ్యక్షురాలు, ఆమె భర్త, వాటర్లూలో గణితం చెప్పి రిటైరైన ప్రొఫెసర్‌గారు, నేను. ఆ దంపతులను నేను ఆంటీ, అంకుల్ అంటాను. నాకు షుగరుందని డాక్టరు తేల్చిన మర్నాడే ఆంటీ నన్ను చేర్చుకుని, ల్యాప్‌టాప్ ఉందన్న ఏకైక అర్హత మీద కార్యదర్శిని చేశారు. యాభై ఒకటో ఏట నన్ను ‘అమ్మాయ్’ అని పిలిచిన మనిషి ఆమె ఒక్కరే. చలికాలంలో బయట నడిస్తే తుంటి విరుగుతుంది గనుక మేం మాల్‌లో నడుస్తాం. దుకాణాలు తెరవడానికి రెండు గంటల ముందే నడిచేవాళ్ల కోసం అక్కడ తలుపులు తీస్తారు. ఆంటీ మెడలో విజిల్ ఉండేది. దాన్ని ఊదవద్దని మాల్ సెక్యూరిటీ వారు మర్యాదగా కోరిన నాటి నుంచి, ఊదకుండా పైకెత్తి చూపేవారు. ఫలితంలో తేడా ఏమీ రాలేదు.

ఆమెది నరసాపురం వైపు. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, లండన్‌లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశారు. లండన్ అంటే ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న లండన్. బంధువులు దాన్ని రాజుగారుండే లండన్ అనుకుంటున్నారని తెలిసీ ఆమె ముప్పై ఏళ్లపాటు ఎలాంటి సవరణా జారీ చేయలేదు. ఆమె జీవితంలో దాచిపెట్టిన విషయం అదొక్కటేనని నేను భావిస్తూ వచ్చాను.

నిరుడు అక్టోబరులో ఆమె ఒక ప్రతిపాదన పెట్టారు. మే నెలలో నలుగురం మాల్టా దీవికి వెళ్లి, వల్లెట్టా అనే పాత కోటపట్నాన్ని గైడుతో కాలినడకన చుట్టిరావాలి. బైబిల్లోని అపొస్తలుని ఓడ బద్దలై ఒడ్డుకు చేరిన దీవి అదేనని ఆమె చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నారు. ప్రొఫెసర్‌గారికి కోటగోడల కోణాల మీద ఆసక్తి ఉంది. నాకు ఏ ఆసక్తీ లేదు గాని, తీర్మానం నేనే టైప్ చేశాను గనుక కట్టుబడ్డాను. వెళ్లాలన్నది అయిదు నిమిషాల్లో ఏకగ్రీవమైంది. ఏ గైడుతో నడవాలన్నది తేలడానికి మూడు నెలలు పట్టింది.

మాల్ ఫుడ్ కోర్టులో ల్యాప్‌టాప్ తెరిచి పరిశీలన మొదలుపెట్టాం. “అయిదు స్టార్ల రివ్యూలు చదవకమ్మాయ్, అవి పెళ్లిలో పొగడ్తలు. ఒక స్టారువి అలిగిన అల్లుళ్లు రాస్తారు. మూడు స్టార్లవి చదువు, అక్కడ మనిషి నిజం చెబుతాడు,” అన్నారు ఆంటీ. ముగ్గురు గైడులు మిగిలారు. మొదటాయన ఎర్ర గొడుగు పట్టుకుని పాతికమందిని రెండు గంటల్లో తిప్పుతాడు. రెండోవాడు కుర్రాడు, జోకులు వేస్తాడు. మూడో ఆవిడ రిటైరైన బడి పంతులమ్మ. ఆరుగురికి మించి తీసుకోరు, మూడు గంటలు నడిపిస్తారు, మధ్యలో కూర్చోబెడతారు.

వారి వీడియోలు నేను పెద్ద శ్రద్ధతో ప్రదర్శించాను. తేనెరంగు రాతిగోడలు, రంగురంగుల కొయ్య బాల్కనీలు, సముద్రంలోకి దిగిపోతున్నట్టుండే మెట్ల వీధులు. అధ్యక్షురాలు మాత్రం ప్రతి వీడియోకూ కళ్లు మూసుకున్నారు. కార్యదర్శి నిష్పాక్షికంగా ఉండాలి గనుక మినిట్స్‌లో ఇలా నమోదు చేశాను: ‘ప్రదర్శన సమయమున అధ్యక్షురాలు కునుకు తీయుట గమనించడమైనది.’ ఆమె ఆ వాక్యాన్ని చదివి, మారుమాట లేకుండా సంతకం చేశారు.

ఆ తర్వాత ముగ్గురికీ ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, ఒకటే ప్రశ్న అడిగారు: “మీ వీధిలో కళ్లు మూసుకుని నిలబడితే నాకేం తెలుస్తుంది?” గొడుగాయన, అంత దూరం వచ్చి కళ్లెందుకు మూసుకుంటారని అడిగాడు. కుర్రాడు నవ్వాడు. పంతులమ్మ కొంచెం ఆలోచించి చెప్పారు: ముందు మెట్లు తెలుస్తాయి, అవి పొట్టివి, అందరూ కాస్త కుంటినట్టు దిగుతారు. దిగుతుంటే ఎడమ చెంపకు గాలి కొడుతుంది, అది రేవు. మధ్యాహ్నం పన్నెండుకు ఫిరంగి పేలుతుంది, పావురాలన్నీ ఒక్కసారి లేస్తాయి, వాటి రెక్కల గాలి తల మీద తెలుస్తుంది.

ఆంటీ ఫోన్ పెట్టేసి, “ఈవిడ పాస్,” అన్నారు.

అయినా పరీక్ష అంతటితో ఆగలేదు. మంచి గైడంటే ఏమిటో సభ్యులకు తెలియాలని, నడుస్తున్నంతసేపూ తలా ఒక దుకాణానికి మమ్మల్నే గైడుగా నియమించారు. నియమం ఒక్కటే. ‘చూడండి’ అనకూడదు. అంటే విజిల్ లేస్తుంది, అవుట్.

తెలుగులో ఇది ఎంత కష్టమో ఆ నియమం పెట్టేదాకా మాకు తెలియదు. ప్రొఫెసర్‌గారు బట్టల దుకాణం ముందు నిలబడి, “ఈ కోటు నచ్చితే వేసుకుని చూడవచ్చు,” అన్నారు. విజిల్ లేచింది.

“అది వేరండీ. తిని చూడటం, వేసుకుని చూడటం, వీటిలో కంటికి పనిలేదు. ఇక్కడ చూడటమంటే ప్రయత్నించడమని అర్థం.”

“వ్యాకరణం మీది, విజిల్ నాది,” అన్నారు ఆంటీ.

ఈ పోటీలో అంకుల్ ఎప్పుడూ గెలిచేవారు. “కుడిపక్క నుంచి దాల్చినచెక్క వాసన, అంటే బన్నుల కొట్టులో పొయ్యి వెలిగింది. పది అడుగుల్లో నేల మారుతుంది, బూట్ల చప్పుడు మెత్తబడుతుంది. అక్కడో బెంచీ. మా ఆవిడ ఇప్పుడు దాని మీద కూర్చుని, మోకాలు పట్టుకుని, అలిసిపోలేదంటుంది.”

“అలిసిపోలేదు,” అన్నారు ఆంటీ బెంచీ మీది నుంచి, మోకాలు పట్టుకుని.

ఆయనకు ‘చూడండి’ అన్న మాటతో అసలు అవసరమే లేకుండా పోయిందని మాలో ఎవరికీ తట్టలేదు. రెండేళ్లుగా కారు ఆమే నడిపేవారు. దాన్ని మేం అధ్యక్షురాలి అధికార దాహంగా అర్థం చేసుకున్నాం. హోటల్లో ఇద్దరికీ ఆమే ఆర్డర్ చెప్పేవారు. అదీ అందులోనే జమ చేశాం. నేను ఎదురుపడినప్పుడల్లా, నేను నోరు తెరవకముందే, “అదుగో, మన సెక్రటరీ,” అని ఆమె ప్రకటించేవారు. అది నా పదవికి ఇచ్చిన గౌరవమని ఇన్నాళ్లూ సంతోషించాను.

సమాధి కార్యక్రమం అయిన నాలుగో రోజు వాళ్లింటికి వెళ్లాను. అంకుల్ టీ పోస్తూ కప్పు అంచు లోపల చూపుడువేలు పెట్టారు. టీ వేలికి తగలగానే ఆపేశారు. నేను ఆ వేలినే చూస్తున్నానని ఆయనకు ఎలా తెలిసిందో తెలియదు.

“రెండేళ్లయిందమ్మా. చూపు మధ్యలో మచ్చ. పక్కల కాస్త తెలుస్తుంది, నడవగలను. మనుషుల మొహాలే ఉండవు. ఎవరికీ చెప్పొద్దని మీ ఆంటీ దగ్గర మాట తీసుకున్నా. చెబితే మీరంతా నా చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. తను పట్టుకోదు, చెబుతుందంతే. ‘మూడు మెట్లు, కుడికి రైలింగ్’ అంటుంది, ముందుకెళ్లిపోతుంది.”

ఆ రాత్రే మినిట్స్ తెరిచి, కునుకు గురించిన వాక్యాన్ని కొట్టేసి సవరించాను: ‘ప్రదర్శన సమయమున అధ్యక్షురాలు వినుచుండిరి.’ ఆమోదించే సంతకం మాత్రం ఇక లేదు.

మార్చిలో పంతులమ్మ నుంచి మెయిల్ వచ్చింది. మే నెలలో వస్తున్నారో లేదో వారంలోగా చెప్పమన్నారు. అంకుల్ ఇంట్లోనే అత్యవసర సమావేశం జరిపాం. ఆయన చూపు విషయం అప్పటికి అందరికీ తెలిసింది. ఒషావా నుంచి వాళ్లమ్మాయి వచ్చి కూర్చుంది.

“డాడ్, ఇట్స్ నాట్ సేఫ్. ఊరంతా స్టెప్సే. మమ్మీ కూడా లేదు.”

“బస్సు టూర్ ఒకటుందండీ. ఏసీ బస్సు, దిగక్కర్లేదు,” అన్నారు ప్రొఫెసర్‌గారు. ఆయన అలా మృదువుగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

“దిగనివాడికి ఊరెందుకు?” అన్నారు అంకుల్.

“పడితే?” అంది వాళ్లమ్మాయి.

నా వేళ్లు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. మీ అమ్మ మూడు నెలలు కష్టపడి ఎంపిక చేసింది మీ నాన్న పడకుండా ఉండటానికి కాదమ్మా, నిలబడ్డ చోటు ఆయనకు తెలియడానికి అని చెప్పాలనుకున్నాను. కార్యదర్శికి చర్చలో పాల్గొనే హక్కు లేదు గనుక ఊరుకున్నాను.

అంకుల్ మోకాళ్ల మీద చేతులాన్చి లేచారు. “నడిచి చూద్దాం,” అన్నారు.

ప్రొఫెసర్‌గారు అలవాటు కొద్దీ, దాదాపు తనలో తాను, “అంటే ప్రయత్నిద్దామని,” అన్నారు.

“కాదండీ,” అన్నారు అంకుల్. “మామూలు చూడటమే.”

వాళ్లమ్మాయి కాసేపు తండ్రినే చూసి, కళ్లు తుడుచుకుని, “దెన్ ఐయామ్ కమింగ్ టూ,” అంది. ఆ విధంగా నాలుగో సీటు భర్తీ అయింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ఆ సాయంత్రమే పంతులమ్మకు జవాబు రాశాను. మాలో ఒకరికి మొహాలు కనిపించవని చెప్పాను. మరేం ఫరవాలేదని, నలభై ఏళ్లు మాట్లాడి బతికినదాన్నని ఆవిడ జవాబిచ్చారు. అధ్యక్షురాలి ఎంపిక మీద సంఘానికి ఇప్పుడు సంపూర్ణ విశ్వాసం ఉంది.

నడక ఆపలేదు. మొన్న గైడుగా నా వంతు. మాల్ నడిమి హాలులోకి వచ్చేసరికి పైకప్పు అద్దం మీద చలికాలమంతా పేరుకున్న మంచు ఒక్కసారిగా జారడం మొదలైంది. వెలుతురు ఒక్కో పలకా దాటుకుంటూ నేల మీదికి దిగింది. “అటు చూడండి,” అనేశాను.

అన్నాక ముగ్గురం ఆగిపోయాం. ఎవరూ పైకి చూడలేదు. అందరి మొహాలూ ఆంటీ కూర్చునే బెంచీ వైపు తిరిగాయి, అక్కడ విజిల్ పైకి లేవాల్సిన చోటికి. అంకుల్ కూడా అటే తిరిగి, ఓడినవాళ్లను చూసి ఎప్పుడూ నవ్వే నవ్వు నవ్వుతూ, నన్ను అవుట్ చేసే విజిల్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు.