గోధుమ దారాల విచారణ

యుద్ధం ముగిసిన ఆ కొత్తలో మేము మనుషులకంటే ముందు తిండిని అనుమానించేవాళ్ళం. రేషను కొట్లో బియ్యానికి బదులు గోధుమలు కొలిచి పోస్తే, వాటినేం చేసుకోవాలో మా వడమాలపేటలో చాలామందికి తెలిసేది కాదు. కొందరు అన్నంలా వండి చూశారు, కొందరు ఎద్దులకు పెట్టారు. (ఎద్దులు కూడా మొదట వాసన చూసి ఆగాయని మా నాయన చెప్పేవాడు.) సరిగ్గా అప్పుడే మా మేనత్త కొడుకు రంగూన్ నుంచి తిరిగొచ్చి, మా అక్కను చేసుకుంటానన్నాడు. అక్కకు ఇష్టం, నాయనకు ఇష్టం. అవ్వ మాత్రం సొంత కూతురి కొడుకని కూడా చూడకుండా అడ్డం తిరిగింది. "అన్నేండ్లు ఆడ ఏం తిన్నాడో ఎవురు సూసినారు? కప్పలు తిన్న నోటికి నా మనవరాల్ని ఇచ్చేదా?" బావ నవ్వేశాడు. "ఆడ నేను తిన్నది ఈడ నీ పొయ్యి మీదే చేసి పెడతా అవ్వా. నీకు సరిపోకుంటే మళ్ళా పెండ్లి మాటే ఎత్తను" అన్నాడు. తలుపు చాటున అక్క గాజులు గలగలమన్నాయి.

వంట రోజు బావ మీద కాపలాకు అవ్వ నన్ను పెట్టింది. నేను పుత్తూరులో ఒక చెనక్కాయల మండీలో లెక్కలు రాసేవాణ్ణి. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న లెక్క కాబట్టి, మిగతా లోకానికి లెక్క రాదని గట్టి నమ్మకం ఉండేది. పైగా ఆ రోజు పెరటాశి నెల శనివారం, మా వైపు గుడ్డు, మాంసం వంటింటి గడప తొక్కని రోజు. బావ గోధుమపిండిని పాత పంచెలో జల్లించి, తెల్లటి మెత్తని పిండి తీసి, గట్టిగా పిసుకుతున్నాడు. దాన్ని దారాల్లా కోసి ఉడకబెడతాడట. "ఇది సేమ్యానేగా బావా?" అన్నాను, ఎక్కడో మోసముందన్న గొంతుతో. "సేమ్యా దీనికి చెల్లెలనుకో. పొడుగ్గా సాగల్ల, ఉడికినా తెగిపోగూడదు, అదీ దీని లచ్చనం." "మరి మనం బియ్యప్పిండితో ఒత్తే సేవలు?" "బియ్యప్పిండికి జిగురు లేదప్పా. అందుకే ఉడకబెట్టి ఒత్తేది. గోధుమకి ఆ జిగురు ఉండాది, పచ్చి పిండినే సాగదీసి కోయొచ్చు." సమాధానం సరిగ్గా ఉండటంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

అంతలో ఏదో నీళ్ళు చిలకరించి పిసికాడో లేదో, పిండి పసుపు రంగుకు తిరిగింది. "గుడ్డు! శనివారం పూట గుడ్డు కలిపినాడు!" అవ్వ కేక వీధి చివరికి వినబడి ఉంటుంది. నేను పరుగున వెళ్ళి కోళ్ళ గంప కింద చూసొచ్చాను. గుడ్లన్నీ ఉన్నాయి. "మనవి ఉండాయి సరే, జేబులో తెచ్చుకోనుంటే?" అంది అవ్వ. బావ జేబులు తిరగేశాను, రెండు వక్కలు దొరికాయి. అవి కూడా వాసన చూశాను. అప్పుడు మా అక్క, మగవాళ్ళ ముందుకు రాని మనిషి, చరచరా వచ్చింది. అవ్వ అప్పడాల పిండిలో వేసే అప్పడాల కారం (పేరుకే కారం, చూడటానికి ఉప్పు) చిటికెడు నీళ్ళలో కలిపి, అవ్వ ఎదురుగానే ఇంకో పిండిముద్ద పిసికింది. అదీ పసుపైంది. "బావ కలిపింది గూడా నీ డబ్బాలోదే అవ్వా. నువ్వు కూడా గుడ్డు కలిపినట్టేనా?" అంది. అవ్వ డబ్బా లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది, కానీ పీట దిగలేదు.

బావ పిండిని పలచగా వత్తి, మడిచి, సన్నగా కోశాడు. పెద్ద గిన్నెలో నీళ్ళు పెడుతుంటే అడిగాను, ఇన్ని నీళ్ళెందుకని. "తెర్లే నీళ్ళలో వేసి, పైకి తేలంగానే వంచేయల్ల." "వంచేస్తే ఏం కలిపినాడో ఎట్ల తెలిసేది? ఒక్క చుక్క పారబోయొద్దు!" అంది అవ్వ. నేను వెంటనే లెక్కకు దిగాను. సేమ్యాకు ఒకటికి రెండు నీళ్ళు, ఇవి సేమ్యాకంటే లావు, కాబట్టి నీళ్ళూ ఇంకొంచెం, సేపూ ఇంకొంచెం. బావ వద్దు వద్దంటున్నా నేనే నీళ్ళు కొలిచి పోసి, దారాలన్నీ వేసి మూత పెట్టాను. నీళ్ళు ఇగిరిపోయాక మూత తీస్తే దారం ఒక్కటీ లేదు. గిన్నె నిండా ఒకటే ముద్ద. బావ ముఖం పాలిపోయింది. అక్క గోడకానుకుని కళ్ళు మూసుకుంది.

అవ్వ ముద్ద విరిచి, మధ్యలో గుంట చేసి, ఊరుబిండి పచ్చడి పెట్టుకుని నోట్లో వేసుకుంది. మేము ఊపిరి బిగబట్టాం. ఇంకో ముద్ద తీసుకుంది. "ఓరి నీ పాసుగూల! ఇది సంగటే గదరా! రంగూన్లో గూడా సంగటే తిన్నెట్టుండాడు నా బిడ్డ" అని నాయన వైపు తిరిగి, "ముహూర్తం పెట్టించు" అంది.

పెళ్ళిలో తలంబ్రాల సందడి మధ్య బావ నా చెవిలో అన్నాడు: "నీ లెక్క తప్పబట్టి బతికిపోతినప్పా. ఆ దారాలు వానపాముల మాదిరి జారతా ఉంటే మీ అవ్వ నన్ను తరిమేసుండేది."

తర్వాత చిత్తూరులో వాళ్ళ కాపురానికి వెళ్ళినప్పుడు అక్క వాటిని సరిగ్గా వండి, నీళ్ళు వంచి, వెల్లుల్లి తాలింపు వేసి పెట్టింది. చాలా బాగున్నాయి. అయినా నేను ఒక దారం ఎత్తి, వెలుతురుకు పట్టి చూసిన తర్వాతే తిన్నాను. అప్పటి నేను, ఆ ఇరవయ్యేళ్ళ కుర్రాడు, ఇవాళ మా ఇంటికొచ్చి, విస్తరిలోకి అలాగే కళ్ళు చిట్లించి చూస్తే, నాకు కోపం రాదు. వాడు చూసేదంతా చూసుకున్నాక తినమంటాను. ఆకలితో ఉన్నవాడు ఎంతసేపు లెక్క వేస్తాడు?